ప్రసాద్ గారు యాదున్నారు, జుబైదా యాద్ లేదా?

మార్చి 14 వచ్చిందంటే చాలు, మన తెలుగు సినిమా గ్రూపుల్లో ఒకటే ముబారక్‌బాద్. 1931లో అదే రోజు బొంబాయి మెజెస్టిక్ టాకీసులో 'ఆలం ఆరా' విడుదలైంది, హిందుస్తాన్ తొలి టాకీ అది, అందులో మన తెలుగాయన ఎల్.వి. ప్రసాద్ నటించారు అని ఫోటో పెట్టి దండం పెడతారు. నటించారు, సహీ బాత్. చిన్న వేషం. ఆ తరువాత తమిళుల మొదటి టాకీ 'కాళిదాస్', మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', రెండింట్లోనూ ఉన్నారు. మూడు భాషల తొలి టాకీల్లో కనబడ్డ మనిషి. ఆ ఇజ్జత్ ఆయనకి దక్కాల్సిందే. నా సవాల్ ఒక్కటే: ఆ సినిమాలో హీరోయిన్ ఎవరు జనాబ్?

ఖామోషీ.

పోయినసారి ఈ సవాల్ వేస్తే ఒక దోస్తు జవాబ్ ఇచ్చాడు, "జుబైదా కదా భాయ్, కరిష్మా కపూర్ చేసింది చూడు, ఆమె కథే". కాదు నాయనా. 2001లో శ్యామ్ బెనెగల్ తీసిన 'జుబేదా' వేరే ఆమె కథ. జోధ్‌పూర్ మహారాజాని పెళ్లి చేసుకున్న జుబేదా, రచయిత ఖాలిద్ మొహమ్మద్ వాళ్ల అమ్మ. మన బెనెగల్ సాబ్ పుట్టింది ఇక్కడే తిరుమలగిరిలో, కాబట్టి మనవాళ్లకి ఆ సినిమా బాగా యాదుంది. పేరు ఒకటైనందుకు ఈ జుబైదా ఆ జుబేదా నీడలో పడిపోయింది. ఇంటర్నెట్‌లో వెతికినా ముందు కరిష్మానే వస్తుంది. చనిపోయినాక కూడా ఇంకొకరి పేరు కింద ఉండాల్సి రావడం ఏం కిస్మతో!

సరే, ఈ జుబైదా ఎవరు? 1911లో సూరత్‌లో పుట్టింది. తండ్రి సచిన్ సంస్థానం నవాబు అని అందరూ రాస్తారు. ఆ నవాబు గారు ఈమె తల్లిని నికాహ్ చేసుకున్నట్టుగానీ, పిల్లల్ని తన పిల్లలని ఒప్పుకున్నట్టుగానీ దాఖలా లేదు. అయినా మన కలాలకి నవాబు మీద అంత మొహబ్బత్, "నవాబు కూతురు" అని రాయకుండా ఉండలేవు. తల్లి పేరు చెప్పండి ముందు. ఆమె ఫాత్మా బేగం. ఉర్దూ నాటకాల్లో వేషాలు వేసి, 1922లో 'వీర్ అభిమన్యు'తో సినిమాల్లోకి వచ్చింది. ఆడవేషాలు కూడా మగాళ్లే వేసే రోజులు అవి. ముగ్గురు బిడ్డలు సుల్తానా, జుబైదా, షెహజాదీ, ముగ్గురూ తెర మీదికి వచ్చారు. 1926లో ఫాత్మా తన పేరు మీదే కంపెనీ పెట్టి 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' అనే సినిమాకి డైరెక్షన్ చేసింది. ఈ ముల్క్‌లో డైరెక్టర్ కుర్చీలో కూర్చున్న మొదటి ఔరత్ ఆమె. ముస్లిం ఔరత్ అంటే నోరు లేనిది, ఇల్లు దాటనిది అని టీవీ డిబేట్లలో ఆయాసపడే పెద్దమనుషులకి ఈ పేరు ఎవరైనా చెప్పారా? చెప్తే వాళ్ల డిబేట్ ఏమైపోవాలి, పాపం.

జుబైదా పన్నెండేళ్ల వయసు నుంచే మూగ సినిమాల్లో చేసింది. టాగోర్ నాటకం ఆధారంగా 1927లో వచ్చిన 'బలిదాన్'లో ఉంది. అప్పుడు ఆమెకంటే పెద్ద సితారా సులోచన, అసలు పేరు రూబీ మయ్యర్స్. 'ఆలం ఆరా' తీసేటప్పుడు అర్దేషిర్ ఇరానీ మొదట అనుకున్నది సులోచననే అంటారు. కానీ సినిమాకి నోరు వచ్చింది ఇప్పుడు, ఆమెకి హిందుస్తానీ సరిగ్గా రాదు. జుబైదాకి వచ్చు. ఆ వేషం అలా దక్కింది, అందం వల్లనో సిఫారసు వల్లనో కాదు, జబాన్ వల్ల. హీరో మాస్టర్ విఠల్ సంగతి ఇంకా మజాగా ఉంటుంది. స్టంట్ సినిమాల్లో షేర్ ఆయన, కానీ ఉర్దూ తలఫ్ఫుజ్ కుదరలేదట, అందుకని ఆయన పాత్రని చాలాసేపు మైకంలో పడేసి ఉంచారని చెప్పుకుంటారు. అంటే మాట్లాడే సినిమాలో మాట్లాడే బరువు ఎవరి మీద పడిందో మీరే హిసాబ్ వేసుకోండి.

ఆ బరువు కూడా చిన్నది కాదు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. రైళ్ల చప్పుడు రికార్డు కాకుండా రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా షూటింగ్. మైకులు కనబడకుండా దాచాలి, నటులు వాటికి దగ్గర్లో నిలబడి చెప్పాలి, బొమ్మా గొంతూ ఒకే ఫిల్ము మీద పడతాయి, తరువాత డబ్బింగ్‌లో సర్దుకునే మాటే లేదు. ఇరవై ఏళ్ల పిల్ల. సినిమా విడుదలైతే జనాన్ని ఆపడానికి పోలీసులు రావాల్సి వచ్చింది, నాలుగణాల టికెట్ బ్లాకులో నాలుగైదు రూపాయలు పలికింది.

ఇప్పుడు నా ఇల్జామ్ వినండి. ఈమెని మరిచిపోవడం కాలం పని కాదు. ఇద్దరు కలిసి చేసిన పని. ఒకరు మన తెలుగు సినిమా తారీఖ్ రాసేవాళ్లు, ఇంకొకరు మన కౌమ్ పెద్దలు. వాళ్లిద్దరికీ ఎక్కడా పడదు, ఈ ఒక్క పనిలో మాత్రం భలే ఇత్తెఫాక్.

మొదటివాళ్ల దలీల్ నాకు తెలుసు. జుబైదా తెలుగు సినిమా చేయలేదు కదా, మా పుస్తకంలో ఎందుకు రాయాలి? బహుత్ ఖూబ్. మరి 'ఆలం ఆరా'లో ప్రసాద్ గారు మాట్లాడింది తెలుగా? కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ సినిమా జీవితమంతా బొంబాయిలో గడిచింది, ఆయన్ని "మన తెలంగాణ బిడ్డ" అని గుండెలకి హత్తుకుంటాం. హత్తుకోవాలి కూడా. అదే తరాజులో జుబైదాని పెట్టండి. ఆమె నికాహ్‌నో, షాదీనో, మీరు ఏ మాట వాడినా సరే, జరిగింది మన హైదరాబాద్ మహారాజా నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్‌తో. గోషామహల్ వైపు గ్యాన్‌బాగ్ ప్యాలెస్ ఉంది చూడండి, ఆ ఖాందాన్. నిజాం సర్కార్‌కే అప్పులిచ్చిన గోసాయి సాహుకార్ల ఇల్లు. మన మహాకవి గుంటూరు శేషేంద్ర శర్మ పెళ్లాడిన రాజకుమారి ఇందిరా దేవి కూడా ఆ ఖాందాన్ ఆడబిడ్డే. అంటే తెలుగు కవులు, విమర్శకులు ఆ దర్వాజా దాటి లోపలికి పోయి చాయ్ తాగి వచ్చినవాళ్లే. శేషేంద్ర గారి మీద ఎన్ని వ్యాసాలు, ఎన్ని సభలు! హిందుస్తాన్ తెర మీద హీరోయిన్‌గా మొదట మాట్లాడిన ఔరత్ ఆ ఇంటి కోడలు అని ఎన్ని వ్యాసాల్లో చదివారు? కరీంనగర్‌లో పుట్టి బొంబాయికి పోతే మనవాడు, బొంబాయి నుంచి హైదరాబాద్‌కి కోడలైతే పరాయిది. ఇదేం హిసాబ్?

ఇంకో మాట. హైదరాబాద్ సినిమా కథ చెప్పేవాళ్లు ఒక కిస్సా మాత్రం ఎప్పటికీ మరిచిపోరు. ధీరేన్ గంగూలీ ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు, 1924లో 'రజియా బేగం' సినిమా ఆడించాడు, ముస్లిం సుల్తానా ఇంకో మతం వాడిని ఇష్టపడే కథ అది, నిజాం కోపంతో ఆయన్ని రియాసత్ వదిలి పొమ్మన్నాడు. నిజమే, జరిగింది. కానీ కొన్నేళ్లకే ఒక ముస్లిం నటి అదే రియాసత్‌లోని హిందూ రాజా ఖాందాన్‌లోకి కోడలుగా వచ్చింది, పిల్లల్ని కన్నది, కొడుకు పేరు హుమాయూన్, కూతురు పేరు ధురేశ్వర్. ఈ కిస్సా ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇది ఎవరి పార్టీకీ పనికిరాదు. నిజాంని తిట్టడానికి పనికిరాదు, పొగడడానికీ పనికిరాదు. కొట్లాటకి పనికొచ్చే తారీఖే మనకి తారీఖ్.

జబాన్ సంగతి కూడా తేల్చుకుందాం. పుస్తకాలన్నీ "తొలి హిందీ టాకీ" అని రాస్తాయి. ఆలం ఆరా అంటే లోకానికి అలంకారమైనది అని, అరబీ ఫార్సీ కలిసిన మాట. పార్సీ థియేటర్ నాటకం నుంచి తీసిన కథ. ఆ రోజుల్లో దాన్ని హిందుస్తానీ అన్నారు, ఉర్దూ అన్నారు. మా పాశమైలారం లైన్ ఇళ్లలో బిహారీ, ఒడియా, యూపీ మజ్దూర్లు, మా సంగారెడ్డి పోరగాళ్లు కలిసి మాట్లాడుకునేది కూడా అదే. కాంట్రాక్టర్ తిట్టేది అందులోనే, సాయంత్రం నవ్వుకునేది అందులోనే. పని చేయించుకోవడానికి ఆ జబాన్ కావాలి, తారీఖ్‌లో దాని పేరు రాయడానికి మాత్రం సిరా అయిపోతుంది.

ఇక మన ఘర్ కీ బాత్. తెలుగు వాళ్లని తిట్టినంత సేపు మీరు తలలూపారు, ఇప్పుడు ఊపుతారో లేదో చూస్తా.

సంగారెడ్డిలో ఒక ఉర్దూ జల్సాలో నేను జుబైదా పేరు ఎత్తితే ఒక బుజుర్గ్ మధ్యలోనే ఆపేశారు. "నాచ్‌నే గానే వాలియాఁ కా జిక్ర్ కాయ్‌కు మియాఁ?" అన్నారు. ఆడేపాడే ఆడవాళ్ల ముచ్చట ఎందుకు అని. నౌషాద్ సాబ్ జిక్ర్ చేస్తే వాహ్ వాహ్, దిలీప్ కుమార్ అంటే మన యూసుఫ్ భాయ్, రఫీ సాబ్ అంటే కళ్లల్లో నీళ్లు. మగాడు సినిమాలో చేస్తే ఫన్‌కార్, కౌమ్ కా నామ్ రోషన్. ఆడది చేస్తే తౌబా తౌబా. ఆ బుజుర్గ్ మీద నాకు ద్వేషం లేదు, ఆయన ఒక్కడి మాట కాదది.

అదే నోళ్లు ఇంకో మాట కూడా అంటాయి, అందుకే ఈ రాత. పొద్దున ఐదున్నరకి సంగారెడ్డి చౌరస్తాలో నిలబడండి. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు పోయే కంపెనీ బస్సుల కోసం, షేర్ ఆటోల కోసం పిల్లలు నిలబడి ఉంటారు. బుర్ఖాలో కొందరు, చున్నీ చుట్టుకుని కొందరు. మందుల కంపెనీల్లో ప్యాకింగ్, బిస్కెట్ల దగ్గర, ప్లాస్టిక్ దగ్గర. ఏ షిఫ్టు, బి షిఫ్టు, పైన ఓటీ. వాళ్ల తన్ఖాతో తమ్ముడి కాలేజీ ఫీజు కడతారు, ఇంటి కిరాయి కడతారు, అబ్బాజాన్ షుగర్ గోలీలు వస్తాయి. రిష్తా మాటలు వచ్చినప్పుడు మాత్రం "లడ్కీ ఘర్ మే రహెతీ" అని చెప్తారు. ఇంట్లోనే ఉంటుందట! పైసలు హలాల్, పిల్ల చేసే పని పేరు చెప్పుకోవడం హరామ్. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా తిజారత్ చేసిన సంగతి బయానుల్లో గొంతెత్తి చెప్తాం, మన గల్లీలో పిల్ల టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కితే గొంతు తగ్గిస్తాం.

తొంభై ఏళ్ల కింద జుబైదా మీద జరిగిందీ ఇదే. రాత్రంతా పని చేసింది, ఆ పని మీద ఒక పరిశ్రమ మొత్తం నిలబడింది, పేరు చెప్పడానికి అందరికీ షరమ్. 1934లో నానుభాయ్ వకీల్‌తో కలిసి మహాలక్ష్మి మూవీటోన్ పెట్టిన ఔరత్ ఆమె. అంటే మాలకిన్ కూడా. దాని సంగతి ఎత్తేవాళ్లేరీ?

సర్కార్ హిసాబ్ కూడా చెప్తా. ఫాల్కే అవార్డు 1971కి పృథ్వీరాజ్ కపూర్‌కి, 1973కి సులోచనకి, 1975కి ధీరేన్ గంగూలీకి, 1980కి జైరాజ్‌కి, 1982కి ఎల్.వి. ప్రసాద్‌కి దక్కింది. ఆడవాళ్లకి ఇవ్వలేదని నేననను, దేవికా రాణి, కానన్ దేవి, దుర్గా ఖోటే అందరూ ఉన్నారు. కానీ 'ఆలం ఆరా'లో పక్క వేషం వేసిన పృథ్వీరాజ్‌కి, చిన్న వేషం వేసిన ప్రసాద్‌కి, ఆ వేషం చేజారిన సులోచనకి కూడా అందింది. ఆలం ఆరాకి అందలేదు. ఆమె 1988 సెప్టెంబర్ దాకా బతికే ఉంది, బొంబాయి అపోలో బందర్ దగ్గర ధన్‌రాజ్ మహల్‌లో. అడ్రస్ దొరకనంత మారుమూల ఏమీ కాదది.

సినిమా అయినా మిగిలిందా? లేదు. ఫిల్మ్ ఆర్కైవ్స్ పెద్దాయన పి.కె. నాయర్ వెతుక్కుంటూ పోతే, ఇరానీ గారి కొడుకు, వెండి తీయించి రీళ్లు వదిలించుకున్నామని చెప్పాడట. పాత ఫిల్ముల్లో వెండి ఉంటుంది. మా వైపు స్క్రాప్ దుకాణాల్లో ఆస్పత్రి ఎక్స్‌రే ఫిల్ములు అందుకే తూకానికి కొంటారు. వెండితెర అని కవిత్వం చెప్పుకుంటాం కదా, ఆ వెండిని కరిగించి అమ్మేశారు. ఇప్పుడు మిగిలినవి కొన్ని ఫోటోలు, పోస్టర్లు. 2011లో ఎనభై ఏళ్లు నిండినప్పుడు గూగుల్ వాడు తన పేజీ మీద విఠల్‌తో పాటు ఆమె బొమ్మ పెట్టాడు. అమెరికా కంపెనీకి ఉన్న పాటి యాద్ గోషామహల్ నుంచి సంగారెడ్డి దాకా మనకి లేకపోయింది.

వచ్చే మార్చి 14న ప్రసాద్ గారి ఫోటో పెట్టండి, పక్కన ఆమెదీ పెట్టండి. ఉర్దూ జల్సాలు చేసే మన తంజీమ్‌ల వాళ్లు స్టేజీ మీద ఫాత్మా బేగం పేరు ఒక్కసారి మైకులో చెప్పండి. ఎవరైనా బుజుర్గ్ లేచి "కాయ్‌కు మియాఁ" అంటే, ఆయనకి చాయ్ ఇప్పించి కూర్చోబెట్టి, ఆయన మనవరాలు ఏ షిఫ్టులో ఉందో అడగండి.