కాదనడానికి చోటున్న ఆట

కంప్యూటర్ ఆటల గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. సెలవులకొచ్చిన మేనకోడలు అర్ధరాత్రి దాకా ఆడుతుంటే "పుస్తకం తియ్యవే" అని కసిరిన అత్తనే నేనూ. ఒక రాత్రి పక్కన కూర్చుని చూశాక కసరడం మానేశాను.

తను ఆడుతున్నది 'బాల్డర్స్ గేట్ 3'. బెల్జియంలోని ఘెంట్ నగరానికి చెందిన లారియన్ సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసింది. ఆడేవాళ్ళు ఒక పాత్రను ధరించి, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరి పక్షాన నిలబడాలో తామే నిర్ణయించుకుంటూ కథ నడుపుతారు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట ఇదే. పెద్ద ప్రచురణ సంస్థల ఆటలుండగా జనం దీన్ని ఎందుకంతగా నెత్తిన పెట్టుకున్నారు?

డబ్బు ఒక కారణం. 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఒక 'స్టార్ వార్స్' ఆటలో లోపల ఏముందో తెలియని పెట్టెలు పెట్టి, వాటి మీద ఆడేవాళ్ళ ఆగ్రహం చవిచూసింది. ఇలాంటి పెట్టెలను డబ్బుకి అమ్మడం జూదమేనని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం తేల్చింది. లారియన్ ఆటలో ఆ పెట్టెలు లేవు. ఒకసారి కొన్నాక కథ మొత్తం మీదే.

కానీ నన్ను ఆపింది వేరే సంగతి. ఇందులో ఆస్టారియన్ అనే రక్తపిశాచి ఉన్నాడు. యజమాని చేతిలో రెండు వందల ఏళ్ళు బానిస. తన శరీరాన్ని ఎరగా వేసి మనుషుల్ని యజమాని దగ్గరికి తేవడం అతని చేత చేయించిన పని. ఒకచోట ఒక వ్యాపారి స్త్రీ తనను కొరకమని అతన్ని అడుగుతుంది. అతనికి ఇష్టంలేదు. ఒప్పిస్తే మనకి బలాన్ని శాశ్వతంగా పెంచే మందు దొరుకుతుంది. ఒప్పించాలా, అతని మాటకి విలువివ్వాలా? తెర మీద రెండు దారులూ ఉన్నాయి. ఒత్తిడి చేస్తే మందు దక్కుతుంది, తనకి ఎలా అనిపించిందో మాత్రం అతను తర్వాత మన ముఖం మీదే చెబుతాడు. వదిలేస్తే మందు పోతుంది, అతను కృతజ్ఞత చెబుతాడు. సమ్మతి గురించి ఎన్నో శిక్షణ తరగతులు నడిపిన నేను, మన లాభం కోసం ఎదుటివాళ్ళ 'వద్దు'ను ఎలా చిన్నదిగా చూస్తామో ఇంత సూటిగా ఎన్నడూ చెప్పలేకపోయాను. అదీ ఒక మగ శరీరం మీద పెట్టి!

మా పిల్ల "పోతే పోనీ మందు" అంది.

ఇదే తను ఇదివరకు అందరితో కలిసి ఆడే తుపాకుల ఆటలో మగపేరు పెట్టుకుని, మైకు కట్టేసి ఆడేది. గొంతు వినపడితే బూతులే. 2014లో యుబిసాఫ్ట్ తన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో కలిసి ఆడేటప్పుడు స్త్రీ పాత్రలను ఎందుకు పెట్టలేదంటే, వాళ్ళ కదలికలు తయారుచెయ్యడం అదనపు పని అంది. స్త్రీ ఉండటమే అదనపు ఖర్చన్నమాట! ఈ కొత్త ఆటలో శరీరం, గొంతు, సర్వనామం దేనికది విడిగా ఎంచుకోవచ్చు.

అలాగని లారియన్‌కి హారతి పట్టనక్కర్లేదు. ఇది గుడిసె పరిశ్రమ కాదు, చైనా కంపెనీ టెన్సెంట్‌కి ఇందులో వాటా ఉంది. ఆట నడవడానికి 150 జీబీ ఖాళీ, ఖరీదైన యంత్రం కావాలి. మన హాస్టళ్ళలో ఎంతమంది ఆడపిల్లలకి అది అందుతుంది? ఆట వెనకున్న కథాలోకం హక్కులు హాస్బ్రోవి. అవార్డు వచ్చిన కొద్దిరోజులకే, 2023 డిసెంబరులో, ఆ సంస్థ సుమారు 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ళకి 'వద్దు' అనే దారి ఎవరూ చూపించలేదు.

మా పిల్ల ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి ఆడుతోంది. ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతిచోటా "ఏమందాం అత్తా?" అని అడుగుతోంది.