పాత బ్యాటరీబండిని పుచ్చుకొనవచ్చునా?

గడచిన వేసవి సెలవులకు పూర్వము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు, తమ ఆరేండ్ల మోటారుకారును వసతిగృహమునకు ఉచితముగా నిచ్చెదమని వ్రాసిరి. అది సామాన్యమైన కారు కాదు. పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్తు మోటారును, ఇంటి గోడయందలి ప్లగ్గునకు తగిలించి నింపుకొనదగిన బ్యాటరీయును గలది. దీనినే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అని వ్యవహరించుచున్నారు. అర్ధరాత్రి జబ్బుపడిన పిల్లవానిని సూళ్లూరుపేటకు చేర్చుటకు మనకు నేటికిని సొంత వాహనము లేదు. ఆటో దొరకువరకు వార్డెనుగారు జాతీయరహదారి ప్రక్కన చేయి చాపి నిలువవలసినదే. కావున ఈ దానవార్త విని సంతోషింపనివారు లేరు. అయితే తలిదండ్రుల సమావేశమున ఒక పెద్దమనుష్యుడు లేచి, "ఆరేండ్ల బ్యాటరీ యనగా చచ్చిన బ్యాటరీ. ఇచ్చువారికి వదలును, పుచ్చుకొన్నవారికి తగులుకొనును" అనిరి. సభలో సగముమంది తలయూపిరి. నిర్ణయము వాయిదా పడినది.

ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక వ్రాయుచున్నాము. బండిని పుచ్చుకొనవలెను, కాని కన్నులు మూసికొని కాదు.

ఆ పెద్దమనుష్యుని మాట తెలివితక్కువ మాట యని మే మనము. అది అనుభవము చెప్పించిన మాట. కరెంటుకోతల కాలమునుండి మన యిండ్లలో ఇన్వర్టరు క్రింద నుండు సీసపు బ్యాటరీని ఎరుగనివారెవరు? మన జిల్లాలోనే తిరుపతి చెంత కరకంబాడిలో అట్టివి లక్షలుగా తయారగుచున్నవి. సీసపు బ్యాటరీ 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే కనిపెట్టినది. దాని గుణదోషములు మూడు తరముల మెకానిక్కులకు కంఠపాఠము. ఎల్లప్పుడు నిండుగా నుంచుము, ఖాళీగా విడువకుము, శుద్ధజలము పోయుచుండుము, కొన్నియేండ్లకు మార్చివేయుము. చిక్కేమనగా, ఈ కారులోని పెద్ద బ్యాటరీ సీసపుది కాదు, లిథియముది. సీసమునకు మేలు చేసిన అలవాట్లలో కొన్ని లిథియమునకు కీడు చేయును. ఖాళీగా నిలిచిన సీసపు బ్యాటరీ చెడును. నిండుగా ఎండలో నిలిచిన లిథియము బ్యాటరీ చెడును. మరికొందరు, "నెలకొకసారి పూర్తిగా ఖాళీచేసి నింపవలెను, లేనిచో అది తన శక్తిని మరచిపోవును" అని చెప్పుదురు. ఆ మాట పూర్వపు నికెల్-కాడ్మియము బ్యాటరీలనాటిది. లిథియమునకు అట్టి మరపు లేదు. పూర్తిగా ఖాళీచేయుట దానికి శ్రమయే గాని ఔషధము కాదు.

ఈ బ్యాటరీకి మూలమైన పరిశోధనలకు గాను గుడ్ఎనఫ్, విట్టింగ్హామ్, యోషినో అను మువ్వురు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును పొందిరి. గుడ్ఎనఫ్ గారికి అప్పటికి తొంబదియేడేండ్లు. వృద్ధాప్యమునందు సామర్థ్యము తరుగునను సిద్ధాంతమునకు ఆయనయే మినహాయింపు! ఇక బ్యాటరీ మాటకు వత్తము. దానిలో లిథియము కణములు ఒక ధ్రువమునుండి మరియొక ధ్రువమునకు పోవుచు వచ్చుచుండును. నింపునపుడు గ్రాఫైటు పొరలలో చేరును, బండి నడచునపుడు తిరిగివచ్చును. గ్రాఫైటు మీద మొదటినుండియు సన్నని పొర యొకటి ఏర్పడును. ఆ పొర లేనిదే బ్యాటరీ నిలువదు. కాని అది నానాటికి దళసరి యగుచు, కొంత లిథియమును తనలో బంధించి మరల విడువదు. మన పులికాటు సరస్సు నెరిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు. సముద్రముతో దానిని కలుపు ముఖద్వారములలో ఇసుకమేటలు వేయుటయు, సరస్సులో పూడిక పేరుకొనుటయు, ఒకప్పుడు పడవ పోయినచోట నేడు మోకాలిలోతు నీరు నిలుచుటయు మన జాలరులు చూచుచునే యున్నారు. సరస్సు చావలేదు, పట్టు నీరు తగ్గినది. బ్యాటరీ తరుగుదలయు అట్టిదే. చచ్చుట వేరు, తరుగుట వేరు. సమావేశమునందు ఈ రెండును ఒకటిగా పరిగణింపబడినవి.

అయినను ఆక్షేపించినవారి పక్షమున ఒక బలమైన వాదము కలదు. వారు దానిని చెప్పలేదు గనుక మేమే చెప్పుదుము. కేవలము విద్యుత్తుతో నడచు కారు ఒకసారి నింపినచో 400 కిలోమీటర్లు పోవుననుకొందము. లక్ష కిలోమీటర్లు తిరుగుటకు దాని బ్యాటరీని 250 మారులు నింపి ఖాళీచేసిన చాలును. ప్లగ్-ఇన్ బండి బ్యాటరీ చిన్నది. 50 కిలోమీటర్లే పోవుననుకొందము. లక్ష కిలోమీటర్లును విద్యుత్తుతోనే పోదలచినచో 2,000 మారులు నింపవలెను. పైగా పది కిలోవాటుగంటల చిన్న బ్యాటరీ అరువది కిలోవాట్ల మోటారును లాగవలసినపుడు, దానిమీద పడు భారము పెద్దబ్యాటరీమీద పడు భారమునకు ఎన్నో రెట్లు. చిన్న ఎద్దునకు పెద్దబండి కట్టినట్లు. ఈ సంగతి తయారుచేయువారికి తెలియును. అందుచేతనే వారు బ్యాటరీని అంచుదాక వాడనీయరు. 2010 డిసెంబరులో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షెవర్లే వోల్ట్ కారులో 16 కిలోవాటుగంటల బ్యాటరీ నుంచి, అందు పదింటికి కొంచెము మించి మాత్రమే వాడనిచ్చిరి. మిగిలినది అడుగునను పైనను దాచిన నిలువ. కాబట్టి మన బండి ముల్లు నూరు చూపినపుడు బ్యాటరీ నిజముగా నూరు నిండియున్నదని భ్రమపడరాదు. సున్న చూపినపుడు బొత్తిగా ఖాళీ యైనదనియు కాదు.

వాదము వాదముగా నుండగా, కొలిచి చూచుట మేలని తోచినది. దాతగారు అనుమతింపగా బండి పదిదినములు పాఠశాల యావరణములో నుండెను. పదవతరగతి విద్యార్థులు సైన్సు ఉపాధ్యాయుని పర్యవేక్షణమున, గోడప్లగ్గునకు చిన్న మీటరు తగిలించి, ఖాళీనుండి నిండువరకు ఎన్ని యూనిట్లు త్రాగినదో మూడు రాత్రులు వ్రాసికొనిరి. క్రొత్తలో సుమారు 8 యూనిట్లు పట్టెడిదని దాతగారి లెక్కపుస్తకము చెప్పుచున్నది. ఇప్పుడు పట్టినది 6 యూనిట్లు, ఒక పదియవవంతు. అనగా నూటికి 76. రెండవ పరీక్ష రోడ్డుమీద జరిగినది. తడనుండి సూళ్లూరుపేటకు పోయి తిరిగివచ్చుచుండగా, ఊరు ఇంక నాలుగైదు కిలోమీటర్లున్నదనగా ఇంజను మేలుకొనినది. క్రొత్తలో 40 కిలోమీటర్లు పోయెడిది నేడు 31 పోయినది. రెండు లెక్కలును సరిపోయినవి. వెనుకసీటున కూర్చున్న పిల్లలు ఇంజను చప్పుడు విని చప్పట్లు కొట్టిరి. ఉపాధ్యాయుడు మాత్రము నిరుత్సాహపడెనట.

నూటికి ఇరువదినాలుగు పోయినది. ఇది ఎక్కువయా, తక్కువయా? సాధారణముగా తయారీదారులు ఎనిమిదేండ్లకు గాని, 1,60,000 కిలోమీటర్లకు గాని హామీ యిత్తురు. ఆలోపున నూటికి 70కి దిగినగాని తప్పుగా నంగీకరింపరు. మన బండి ఆ గీతకు పైననే యున్నది. ఇంకొక విశేషము. పైన చెప్పిన పొర మొదట త్వరగాను, పిమ్మట నెమ్మదిగాను పెరుగును. స్థూలముగా కాలముయొక్క వర్గమూలము ననుసరించి తరుగుదల యుండును. లెక్కలు వచ్చిన విద్యార్థులు వేసి చూడవచ్చును. ఆరేండ్లకు 24 పోయినచో, పదియేండ్లకు పోవునది 31. అనగా రాబోవు నాలుగేండ్లలో ఇంక ఏడే. ఇది ఖండితమైన జోస్యము కాదు. వయస్సు మీరిన బ్యాటరీ ఒక్కొక్కపుడు హఠాత్తుగా క్రుంగిపోవుటయు కలదు. కావుననే సంవత్సరమున కొకసారి కొలువవలెను. కాని మన వసతిగృహపు పనులలో స్టేషనునకు, బజారునకు, రాత్రి వైద్యశాలకు పోవుట ముఖ్యము. వీనిలో అధికభాగము 31 కిలోమీటర్లలో నడచును. చెన్నపట్టణము పోవలసినచో పెట్రోలున్నది.

"అట్లయిన బ్యాటరీని వాడక దాచి, పెట్రోలుతోనే నడుపుదము, పదికాలములపాటు మన్నును" అని ఒక తల్లిగారు మాతో ననిరి. ఆమె పొదుపుబుద్ధిని మెచ్చుకొందుము గాని సలహాను ఒప్పుకొనజాలము. వాడినను వాడకున్నను కాలము బ్యాటరీని తినుచునే యుండును. దాచినది మిగులదు, పెట్రోలు ఖర్చు మాత్రము మిగులును. ఈ లోభము మనయూరిదే కాదు. యూరప్ కమిషన్ 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, అచ్చటి ప్లగ్-ఇన్ బండ్లు వాడుకలో వెలువరించు బొగ్గుపులుసు వాయువు ప్రయోగశాల లెక్కకు సుమారు మూడున్నర రెట్లు. ప్లగ్గు చాలినన్ని మారులు తగిలింపకపోవుటయే అందులకు ముఖ్యకారణము. ఆంధ్రదేశమునకును ఈ బండి క్రొత్త కాదు. 2018 డిసెంబరులో పెనుకొండవద్ద కర్మాగారము కట్టుచుండిన కియా సంస్థవారు మన రాష్ట్రప్రభుత్వమునకు మూడు నీరో కార్ల నొసగిరి. ఒకటి హైబ్రిడ్, ఒకటి కేవలము విద్యుత్తుది, నడిమిది 8.9 కిలోవాటుగంటల బ్యాటరీగల ప్లగ్-ఇన్. అట్టి బండికి ప్లగ్గు తగిలింపనివారు రెండు యంత్రముల బరువు మోయించుచు ఒక యంత్రముతో పని గడుపుకొనువారు.

ఇక సంరక్షణ. చలిదేశములలో వ్రాసిన పుస్తకములు మంచునుగూర్చి హెచ్చరించును. తడలో ఆ భయము లేదు. మన శత్రువు రోహిణికార్తె. వేడిమి పది సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో రసాయనక్రియల వేగము సుమారు రెట్టింపగునని విద్యార్థులు చదివియున్నారు. బ్యాటరీలోని చెడు క్రియలకును ఆ సూత్రమే వర్తించును. కనుక మొట్టమొదట కావలసినది నీడ. వంటశాల వెనుకనున్న వేపచెట్టుక్రింద తాటాకుపాక వేసిన చాలును, రేకులషెడ్డు వలదు. మధ్యాహ్నము తిరిగివచ్చి వేడెక్కియున్న బండికి వెంటనే ప్లగ్గు తగిలింపరాదు. రాత్రి చల్లబడిన పిదప నింపుట ప్రారంభించి తెల్లవారుజామునకు ముగియునట్లు చూడవలెను. ప్లగ్గు పదునారు ఆంపియర్లదై, భూమితీగ సరిగానుండవలెను. ఉప్పుగాలి తగులు ఊరు గనుక ప్లగ్గుకొనలను నెలకొకసారి పరీక్షింపవలెను. వరదనీట మునిగిన బండికి నిపుణుడు చూడకుండ ప్లగ్గు పెట్టనే రాదు.

అన్నిటికంటె మాకు భయము సెలవులను గూర్చియే. పాఠశాలబండికి రాగల పెద్దకీడు ప్రయాణములలో లేదు, వేసవిలో వారములకొలది కదలక నిలుచుటలో నున్నది. పోవుచుపోవుచు మంచివాడైన కావలివాడు, "నిండుగా నింపి పెట్టినానండీ" అనును. అదే అపకారము. సెలవులకు పెద్దబ్యాటరీని సగములో నుంచి పోవలెను. వింత యేమనగా, అదే బండిలో దీపములకును మీటలకును వేరొక చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ యుండును. మన బండిలో అది సీసపుది. దానిని మాత్రము నిండుగా నుంచవలెను! ఒక్క కప్పుక్రింద ఇద్దరు అతిథులు, ఒకరికి ఉపవాసము, ఒకరికి విందు. ఈ భేదమును ఒక అట్టమీద పెద్దయక్షరములతో వ్రాసి పాకలో వ్రేలాడదీయవలెను.

తుదకు మా ఫిర్యాదొకటి. ఇంత శ్రమపడి మీటరుతో కొలువవలసిన యగత్యమేమి? బ్యాటరీ ఎంత మిగిలియున్నదో బండిలోని గణకయంత్రమునకు తెలియును. మన బండి ఆ సంఖ్యను యజమానికి చూపదు. పాతబండి కొను సామాన్యుడు చీకటిలో బేరమాడవలసియున్నది. ఐక్యరాజ్యసమితి యాజమాన్యమున 2022లో ఏర్పడిన నిబంధన, ఐదేండ్లకు లేదా లక్ష కిలోమీటర్లకు నూటికి 80, ఎనిమిదేండ్లకు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 మిగిలియుండవలెననియు, మిగిలినదెంతో యజమాని చదువుకొనగలుగవలెననియు చెప్పుచున్నది. యూరప్ సమాఖ్య తన చట్టమున 2027 ఫిబ్రవరినుండి వాహనబ్యాటరీకి ఒక చరిత్రపత్రమును విధించినది. మన దేశమునందును అమ్మకపుకాగితముతోపాటు ఆ సంఖ్యను వ్రాసియిచ్చుట విధియైనచో, మన తలిదండ్రులలో ఆటోలు, స్కూటర్లు అప్పుచేసి కొనువారికి ఎంతో మేలు కలుగును. వారికి ఉచితముగా నిచ్చు దాతలు లేరు.

సమావేశము మరల జరుగనున్నది. పరీక్షల లెక్కలను ఆ పెద్దమనుష్యునికి ముందుగానే పంపితిమి. ఆయన చదివి, "డెబ్బదియారు సరే, పాకకు తాటాకు ఎవరిత్తురు?" అని యడిగిరట. విద్యార్థులు గీతలకాగితముమీద అడ్డముగా సంవత్సరములను, నిలువుగా నూరువరకు అంకెలను వ్రాసి, ఆరవయేటికి ఎదురుగా మొదటి చుక్క పెట్టి, సైన్సుగది గోడకు అంటించియున్నారు.