విమానాశ్రయం మిల్లు కాదు

హోటగీ రోడ్డు మీద విమానాలు దిగబట్టిన కాడి నుంచి మన పేటల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. "ఇగ సోలాపూర్ మారిపాయె, పిల్లలకు ఎయిర్‌పోర్టుల నౌకర్లు దొరుకుతయి" అని కొందరు. "మనకేం పని, అది ఎక్కేటోళ్ళ సంగతి" అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉన్నది. ఈ నెల ఆ కంచె లోపల పని ఎట్ల నడుస్తదో, మన పిల్లలకు అక్కడ చోటు ఎక్కడ ఉన్నదో చూద్దాం. ఎందుకు ఇప్పుడే అంటే, "ఎయిర్‌పోర్టు కోర్సు" బోర్డులు చౌకు చౌకుకూ లేస్తున్నాయి. ఆ ఫీజుల కోసం ఇళ్ళల్లో బంగారం కుదువకు పోతున్నది.

చిమ్నీ అంటే మన ఊరికి అన్నం. 1877లో మొదలైన జునీ మిల్లు భోంగా కూస్తే ఊరు లేచేది. అటువంటి ఊళ్ళో విమానం కోసం చిమ్నీ కూల్చిన రోజు వచ్చింది. సిద్ధేశ్వర్ సహకార చక్కెర కార్ఖానా కరెంటు ప్లాంటుకు కట్టిన సుమారు 90 మీటర్ల చిమ్నీ విమానాల దారికి అడ్డం ఉన్నదని ఏళ్ళ తరబడి గొడవ జరిగింది, కోర్టుల దాకా పోయింది. చివరికి 2023 జూన్ 15న దాన్ని పడగొట్టారు. చెరుకు రైతులు, కార్ఖానా కార్మికులు ఒక దిక్కు, విమానం కావాలన్న వ్యాపారులు ఒక దిక్కు. అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. అంత ఆకాశం ఉండగా ఒక్క చిమ్నీ అడ్డమా?

అడ్డమే. దిగే విమానం గద్ద లెక్క ఒక్కసారి కిందికి వాలదు. దూరం నుంచే సన్నని వాలులో వస్తది. మామూలుగా ఆ వాలు మూడు డిగ్రీలు. అంటే రన్‌వే ఇంకా కిలోమీటరు దూరం ఉండగా విమానం నేలకు యాభై మీటర్ల పైచిలుకు ఎత్తులోనే ఉంటది. ఎగిరేటప్పుడు ఒక ఇంజన్ ఆగిపోతే రెండో ఇంజన్‌తో మెల్లగా పైకి పోవాలి. అందుకే రన్‌వే చుట్టూ ఏ జాగాలో ఎంత ఎత్తు దాకా కట్టొచ్చో ముందే లెక్క గీసి పెడతారు. హోటగీ రోడ్డు దిక్కు ప్లాటు కొన్నవాళ్ళు, మేడ మీద మేడ వేసేవాళ్ళు, ఆ ఎత్తు అనుమతి సంగతి మహానగర పాలికెలో ముందుగా అడిగి తెలుసుకోండి. ఇంకో నియమం కూడా గుర్తుంచుకోవాలి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షులు చేరేటట్టు చెత్త, మాంసం వ్యర్థాలు పారేయడం నేరం. ఒక్క గద్ద ఇంజన్‌లో పడినా ఎగిరే విమానానికి గండమే.

చిమ్నీ పోయింది. 2024 సెప్టెంబరు 29న విమానాశ్రయం ప్రారంభమైంది. 2025 జూన్ 9న ఫ్లై 91 వాళ్ళ గోవా విమానం, అక్టోబరు 15న స్టార్ ఎయిర్ వాళ్ళ ముంబయి విమానం మొదలైనాయి. టెర్మినల్‌ను ఏడాదికి 4.1 లక్షల ప్రయాణికులకు సరిపోయేటట్టు సిద్ధం చేశారు. అది ఎంతమందికి చాలుతుందనే లెక్క. అంతమంది వస్తున్నారని కాదు, అంతమందికి పని దొరుకుతుందనీ కాదు.

పని ఎట్ల నడుస్తదో చూడండి. గోవా విమానం ఏటీఆర్ 72 రకం, రెక్కలకు రెండు పంకాలు ఉండేది, డెబ్బై మంది పడతారు. అది దిగి ఆగంగానే ఒక మనిషి చేతులతో సైగ చేసి నిలబెడతాడు. చక్రాలకు అడ్డాలు పెడతారు. వెనుక తలుపు నుంచి మనుషులు మెట్లు దిగుతారు, ముందు తలుపు నుంచి లోడర్లు సామాను దించుతారు. లోపల ఊడుస్తారు, పెట్రోలు బండి అవసరమైతే వస్తది, కొత్త సామాను ఎక్కుతది. ఇదంతా దాదాపు అరగంటలో అయిపోవాలి. నేల మీద నిలబడ్డ విమానం ఖాళీగా నిలబడ్డ మగ్గం లాంటిదే, నిలబడ్డంతసేపూ నష్టం. అరగంట అయ్యాక విమానం పోతది. ఆ పని చేసినవాళ్ళు తర్వాతి విమానం దాకా ఎదురుచూస్తారు.

మిల్లుకూ దీనికీ తేడా ఇక్కడే ఉన్నది. మిల్లులో మూడు పాళీలు, వేల మంది, ఒక్క గేటు. చిన్న విమానాశ్రయంలో దినానికి కొన్నే విమానాలు, వాటికి కొద్దిమందే చాలు. ఆ కొద్దిమంది కూడా ఒక్క యజమాని కింద ఉండరు. టవర్, రన్‌వే, ఫైర్ బండ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా చేతిలో. టికెట్టు కౌంటరు, ఎయిర్ హోస్టెస్‌లు ఎయిర్‌లైను చేతిలో. సామాను మోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు ఎక్కువగా కాంట్రాక్టరు చేతిలో. మన తాతలకు బద్లీ కార్డు ఎట్లనో వీళ్ళకు కాంట్రాక్టు అట్ల.

దారులు కూడా ఎన్నాళ్ళు నడుస్తాయో గ్యారంటీ లేదు. చిన్న ఊళ్ళకు విమానం నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదటి విమానాలు ఎగిరాయి. కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు దారులు ఆ రోజువే. ఖాళీ సీట్ల నష్టానికి సర్కారు మూడేళ్ళు డబ్బు ఇస్తది. కాగ్ 2023 నివేదిక తొలి మూడు విడతలు లెక్క చూసింది. ఇచ్చిన దారులు 774. మొదలైనవి 371. మూడేళ్ళు నిండినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. మన ఊరి విమానం నిలబడాలనే నా కోరిక. కానీ ఈ అంకెలు చూడకుండా పిల్లల చదువు దాని మీద పందెం కాయొద్దు.

మొన్న దాజీ పేటలో ఒక అక్క అడిగింది. బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలకు అప్పు కలిపి బిడ్డను ఒక అకాడమీలో చేర్పిస్తదట. లక్షన్నర ఫీజు, ఆరు నెలలు, "నూటికి నూరు శాతం నౌకరీ" అన్నారట. "సోలాపూర్ ఎయిర్‌పోర్టులనే పెట్టిస్తమన్నరు తమ్మీ, నిజమేనా?" అన్నది. అట్ల మాట ఇచ్చే అధికారం ఏ అకాడమీకీ లేదు. ఆ అక్కకు చెప్పిందే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఎయిర్ హోస్టెస్ పనికి పన్నెండో తరగతి చదువు, వయసు, ఆరోగ్యం, ఇంగ్లీషు, హిందీ మాట చూస్తారు. ఎంచుకున్న తర్వాత శిక్షణ ఎయిర్‌లైనే ఇస్తది. బయట కొన్న సర్టిఫికెట్టు తప్పనిసరి కాదు. లక్షన్నరలో పదో వంతు పెట్టి బిడ్డకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పించినా అంతకన్నా పనికొస్తది.

లోడరు పనికి పదో తరగతి చాలు, కోర్సు అక్కర లేదు. కాకపోతే పోటీ ఎంతో తెలుసుకోండి. 2024 జులైలో ముంబయి కలీనాలో రెండు వేల పైచిలుకు ఇటువంటి కాంట్రాక్టు పోస్టులకు వేల మంది వచ్చి తొక్కులాట దాకా పోయింది.

హెవీ లైసెన్సు ఉన్న పిల్లలకు మంచి దారి ఒకటి ఉన్నది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫైర్ సర్వీసు. రోజుకు ఒక్క విమానమే వచ్చినా ఫైర్ బండి లేకుండా దాన్ని దిగనివ్వరు. పిలుపు వస్తే మూడు నిమిషాల లోపల రన్‌వే ఏ మూలకైనా చేరాలి. పన్నెండో తరగతి గానీ, పదో తరగతి మీద మెకానికల్, ఆటోమొబైల్, ఫైర్ డిప్లొమా గానీ ఉండాలి. దాంతోపాటు డ్రైవింగ్ లైసెన్సు. పరీక్ష రాయాలి, తర్వాత పరుగు, తాడు ఎక్కడం, బరువు మోయడం. నోటిఫికేషన్ అథారిటీ సొంత వెబ్‌సైటులో వస్తది. పర్మనెంటు నౌకరీ.

మెషిన్ మీద చెయ్యి తిరిగే పిల్లలకు విమాన మెకానిక్ చదువు. పన్నెండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ మాత్రమే. కాలేజీకి డీజీసీఏ ఆమోదం ఉన్నదా లేదా అనేది వాళ్ళ జాబితాలో చూసుకోవచ్చు. ఫీజు పెద్దది, పరీక్షలు కఠినం, ఏళ్ళు పడతాయి. అయినా ఆ లైసెన్సు హైదరాబాదులోనూ, నాగపూరులోనూ, దుబాయిలోనూ విలువ ఉన్న చదువు.

కౌంటరు పని మీదనే ఆశ పెట్టుకోవద్దని ఎందుకంటున్నానంటే, పెద్ద విమానాశ్రయాల్లో ఆ పని మెషిన్లకు పోతున్నది. 2022 డిసెంబరు 1న డిజియాత్ర మొదలైంది, మొహం చూసి గేటు తెరుచుకుంటది. బోర్డింగ్ పాసు ఫోన్లోనే వస్తది. రేపియర్ మగ్గం వచ్చినంక ఎన్ని మగ్గాలకు ఒక్క మనిషి చాలిండో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. బరువు ఎత్తే చెయ్యి, బండి నడిపే చెయ్యి, ఇంజన్ విప్పే చెయ్యి మాత్రం ఇంకా కావాలి.

పిల్లగాళ్ళకు ఒక మాట. విమానాశ్రయం లోపల ఏ పని చేయాలన్నా ప్రవేశ పాసు కావాలి, దానికి పోలీసు విచారణ ఉంటది. గణపతి మిరవణూకలో సరదాకు పడ్డ కొట్లాట కేసు ఆ రోజు అడ్డం వస్తది.

ఫీజు కట్టకముందు మూడు అడగండి. డీజీసీఏ ఆమోదం నెంబరు ఎంత? పోయిన ఏడాది ఇక్కడ చదివి నౌకరీలో ఉన్న పిల్లల్లో ఇద్దరితో మాట్లాడిస్తరా? నౌకరీ గ్యారంటీ అన్న మాట, రాకపోతే ఫీజు వాపసు అన్న మాట కాగితం మీద సంతకం పెట్టి ఇస్తరా? మూడింటికీ జవాబు దొరకకపోతే చెప్పులు వేసుకుని ఇంటికి రండి. మిల్లు గేటు కాడ జాబర్‌కు చెయ్యి తడిపి పనిలో చేరిన రోజులు మన పెద్దలు చూశారు. అప్పుడు పైసలు పోయినా పని దొరికేది. ఇప్పటి జాబర్ ఏసీ ఆఫీసులో కూర్చుంటడు, పైసలు తీసుకుంటడు, గేటు మాత్రం అతని చేతిలో లేదు.

(వచ్చే నెల: పీఎఫ్ పాస్‌బుక్కు ఎట్ల చదవాలి)