గ్యాసా? కంగారా? గుండెనా? – ఇంట్లోనే తేల్చేయకండి



రాత్రి పదకొండు దాటాక మా క్యాజువాలిటీ ముందు ఆగే ఆటోల్లోంచి రెండు రకాల మనుషులు దిగుతుంటారు. ఒకరు "నాకేం లేదండీ, గ్యాసే, వీళ్లే బలవంతాన తీసుకొచ్చారు" అంటూ దిగుతారు. ఇంకొకరు "నేను చచ్చిపోతున్నాను" అని ఏడుస్తూ దిగుతారు. నిజం చెప్పాలంటే మొదటివారిని చూస్తేనే మాకు ఎక్కువ భయం. అలాగని రెండవవారిది నాటకమని అనుకోవద్దు.

ఛాతీ బరువెక్కితే మన ఇళ్లలో ముందు వాము నములుతారు, తర్వాత సోడా, ఆ తర్వాత మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర. ఒక త్రేన్పు వచ్చిందంటే "చూశారా, గ్యాసే" అని పడుకుంటారు. త్రేన్పు వచ్చినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. గుండె అడుగు గోడకు రక్తం అందకపోతే ఆ నొప్పి కడుపు పైభాగంలోనే తెలియవచ్చు. వికారం, వాంతి, త్రేన్పులు కూడా రావచ్చు. ఇలా తెల్లవార్లూ గ్యాస్ అనుకుని, ఉదయం బస్సెక్కి వచ్చేవారిని మేము చాలామందిని చూశాము. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి 3 గంటల్లో పడితే చేసే మేలు వేరు. 12 గంటలు దాటాక దానివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఈలోగా చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ బ్రతకదు.

గుండెపోటు నొప్పి సాధారణంగా సూదితో పొడిచినట్టుండదు. రొమ్ము మధ్యలో బండ పెట్టినట్టు, పిండినట్టు ఉంటుంది. ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో పాకుతుంది. చల్లని చెమట పడుతుంది. మెట్లెక్కితే, బిందె మోస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి అయితే అది గుండె ముందుగా పంపే కబురు. కూర్చున్నా 15, 20 నిమిషాలకు తగ్గలేదంటే కబురు దశ దాటిపోయినట్టే.

కంగారు వల్ల వచ్చే దాడి తీరు వేరు. ఊరికే కూర్చున్నప్పుడో, నిద్రలోనో హఠాత్తుగా మొదలై, పది నిమిషాల్లో పెచ్చు పెరిగి, చాలామందికి అరగంటలో సద్దుమణుగుతుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఊపిరి చాలడం లేదనిపిస్తుంది, ప్రాణం పోతుందన్న భయం కమ్ముకుంటుంది. వేళ్ల కొసలు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. దానికి కారణం పక్షవాతం కాదు. భయంతో గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు మరీ తగ్గిపోయి అలా అవుతుంది.

ఇన్ని తేడాలు చెప్పి, వాటిని నమ్ముకోవద్దని కూడా మేమే చెప్పాలి. చెమట, దడ, ఆయాసం, ఛాతీ నొప్పి రెండింటిలోనూ ఉంటాయి. షుగరు ఉన్నవారికి, ముసలివారికి, ఆడవారికి గుండెపోటు అసలు నొప్పే లేకుండా, ఆయాసంగానో విపరీతమైన నీరసంగానో రావచ్చు. మా దగ్గర యంత్రాలు ఉండి కూడా మొదటి ఇ.సి.జి.లో ఒక్కోసారి ఏమీ కనబడదు. అందుకే మళ్లీ తీస్తాము, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, అవసరమైతే కొన్ని గంటల తర్వాత మరోసారి చేస్తాము. "ఒకసారి తీశారుగా, డబ్బు కోసం మళ్లీ తీస్తున్నారు" అని గొణిగేవారు ఈ సంగతి గమనించాలి. మేమే ఇన్ని గంటలు ఆగి తేల్చే విషయాన్ని ఇంట్లో పిన్నిగారో బాబాయిగారో చేయి పట్టుకుని చూసి ఎలా తేలుస్తారు?

మా తప్పు కూడా ఒప్పుకుంటాము. కొన్నేళ్ల క్రితం పాతికేళ్ల సహోదరి ఒకామె దడ, ఆయాసం అంటూ మూడుసార్లు ఓ.పి.కి వచ్చింది. పిల్లలు లేరని అత్తవారింట మాటలు పడుతోందని తెలిసి, "టెన్షన్ పెట్టుకోకమ్మా" అని నిద్రమాత్రలు వ్రాసి పంపించాము. నాలుగోసారి వచ్చినప్పుడు మా నర్సమ్మ ఒకామె, "వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటోందట డాక్టరుగారూ" అంది. అప్పుడు ఎకో తీయిస్తే మైట్రల్ కవాటం మూసుకుపోయినంతగా సన్నబడి ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం మిగిల్చిన జబ్బు అది. పెద్దాసుపత్రిలో బెలూను చికిత్స జరిగి ఇప్పుడు బాగుంది. ఆమెకు దిగులు ఉన్నమాట నిజమే, గుండెజబ్బు ఉన్నమాటా నిజమే. ఒకటి కనబడగానే మేము రెండవదాన్ని వెదకడం మానేశాము. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే "టెన్షన్" అనే పేరు క్రింద దాక్కుంటాయి.

ఇక పరీక్షలన్నీ బాగున్నవారి సంగతి. "ఏమీ లేదు, ఇంటికెళ్లు" అనడం మాకు సమ్మతం కాదు. ఏమీ లేకపోతే ఆ మనిషి అర్ధరాత్రి ఆటో ఎక్కి ఎందుకు వస్తాడు? 1871లో డా కోస్టా అనే అమెరికా వైద్యుడు, అక్కడి అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికులు గుండె దడ, ఛాతీ నొప్పితో బాధపడడాన్ని వివరంగా వ్రాశాడు. తుపాకులకు ఎదురు నిలిచిన మగవాళ్లు వారు. పిరికితనమంటే ఒప్పుతుందా?

సంఘ పెద్దలు నొచ్చుకోకపోతే ఇంకొక మాట. ఇలాంటివారికి "విశ్వాసం తక్కువ" అని బిరుదు తగిలించకండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాము. దానితోపాటు కౌన్సెలింగుకు పంపండి, మందు వ్రాస్తే వాడనివ్వండి. ఆందోళనకు ఎక్కువగా ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటికి మత్తుమందులా అలవాటు పడరు. అలవాటు పడేవి అల్ప్రజోలం లాంటివి. వాటినే మనవాళ్లు చీటీ లేకుండా కొనుక్కుంటున్నారు! ఆసుపత్రి దాకా రావడానికి సిగ్గుపడేవారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఛాతీ నొప్పి వచ్చినప్పుడు మాత్రం ముందు 108కి ఫోన్ చేయండి. నొప్పి ఉన్న మనిషిని బండి నడపనివ్వకండి, మెట్లు ఎక్కనివ్వకండి. యాస్ప్రిన్ పడనివారు, కడుపులో పుండు గానీ రక్తస్రావం గానీ ఉన్నవారు కాకపోతే, 108 వారిని అడిగి 300 మి.గ్రా. మాత్ర నమిలించండి. పక్కింటి తాతగారి సార్బిట్రేట్ మాత్ర నాలుక క్రింద పెట్టకండి, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, పాత ఇ.సి.జి. కాగితం తెస్తే మాకు ఎంతో మేలు. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూస్తే మారిందేమిటో వెంటనే తెలుస్తుంది. ఆ కాగితం మీది గీతలు వేడికి మాసిపోతాయి గనుక ముందే జిరాక్స్ తీయించి, బైబిలు సంచిలో పెట్టుకోండి.