జీతాల ఖర్చు తక్కువన్న ఆశ్రమాన్ని చూసి జాగ్రత్త

మార్చి దగ్గరపడితే కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కమిటీలకు తొందర మొదలవుతుంది. 31లోపు డబ్బు బయటికి వెళ్లాలి. నాలుగైదు పిల్లల సంస్థల పేర్లు ఒక కాగితం మీద వరసగా రాస్తారు. పిల్లలెందరు, ఏడాది ఖర్చెంత, అందులో జీతాలకు పోయేదెంత? ఆఖరి గడిలో 60 శాతం అని ఉన్న సంస్థ పేరు కొట్టేస్తారు. 18 అని ఉన్నదానికి టిక్కు పెడతారు. కొడుకు పుట్టినరోజుకు ఆశ్రమంలో అన్నదానం చేయించే పెద్దమనిషైనా, అమెరికాలో ఉండి సొంత జిల్లా కోసం చందాలు పోగుచేసే తెలుగు సంఘం కార్యదర్శైనా అడిగేది ఇంచుమించు ఇదే: "మేమిచ్చే రూపాయిలో పిల్లలకెంత, స్టాఫుకెంత?"

ఈ ప్రశ్న ప్రమాదకరమైనది. దీన్ని పట్టుకుని సంస్థల్ని పోల్చేవాళ్లు తెలియకుండానే, ఎక్కడ పిల్లల్ని చూసే దిక్కు తక్కువగా ఉందో అక్కడికే డబ్బు పంపుతున్నారు. పిల్లల సంస్థలో స్టాఫు చేతికందిన రూపాయి పిల్లలకు అందినట్టే. అర్ధరాత్రి జ్వరంతో మూలిగే పిల్ల నుదుటి మీద చెయ్యి వేసేది ఆయా. బడి నుంచి ముభావంగా వచ్చిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఏమైందని అడిగేది హౌస్ మదర్. దుప్పట్లు, బిస్కెట్ ప్యాకెట్లు, గోడమీద దాత పేరు చెక్కిన ఫ్యాను, ఇవేవీ ఆ పని చేయవు.

అంకెల్లోకి వద్దాం. బాల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నిబంధనలు 100 మంది పిల్లలున్న గృహానికి నలుగురు హౌస్ మదర్లను లేదా హౌస్ ఫాదర్లను సూచించాయి. వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటల చొప్పున నలుగురూ ఒక్క సెలవైనా పెట్టకుండా పనిచేస్తే 192 గంటలు. అంటే ఏ క్షణం తీసుకున్నా 100 మంది పిల్లలకు కాస్త అటూఇటూగా ఒక్క హౌస్ మదర్. నిబంధనను అక్షరాలా పాటించే సంస్థ పరిస్థితే ఇది. ఇక "మాకు జీతాల ఖర్చు చాలా తక్కువండీ" అని గర్వంగా చెప్పే చోట రాత్రిపూట ఎవరుంటారో మీరే ఊహించుకోండి. చాలాచోట్ల పదో తరగతి పిల్లే చిన్నపిల్లలకు తల్లి. ఆ పిల్ల చేసే చాకిరీ ఏ పద్దులోనూ కనబడదు, అందుకే శాతం తగ్గుతుంది.

పిల్లల సంరక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఉద్యోగ ప్రకటనల్లో వచ్చిన జీతాలు చూడండి. గృహం సూపరింటెండెంట్‌కు నెలకు 33,100 రూపాయలు, హౌస్ మదర్‌కు 14,564, వంటమనిషికి 9,930. శిశుగృహలో పసికందుల్ని చూసే ఆయాకు 7,944. నెలకు 26 పనిదినాలనుకుంటే రోజుకు దాదాపు 305 రూపాయల 50 పైసలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 307. చెరువులో మట్టి తీసే మనిషిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు, ఆ కూలీ చాలదనే నా అభిప్రాయం. రైలుపెట్టెలోనో చెత్తకుండీ పక్కనో దొరికిన రెండు నెలల బిడ్డకు పాలుపట్టే చేతులకు అంతకన్నా రూపాయిన్నర తక్కువ వెల కట్టామన్నదే చెప్పదలచుకున్నాను. పైగా ఇది సర్కారు సొమ్ముతో నడిచే చోటి మాట. చందాలతో నడిచే ప్రైవేటు ఆశ్రమాల్లో ఈ పాటి రేటుకైనా పూచీ లేదు.

ఇంకో తిరకాసు ఉంది. హోదా పేరు చూసి జీతాలు పోల్చేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కౌన్సెలర్‌కు 18,536, అదే పథకంలో పిల్లల గృహంలోని కౌన్సెలర్‌కు 23,170. గృహంలో కేస్ వర్కర్ 23,170 అందుకుంటే 1098 బాలల హెల్ప్‌లైన్ కేస్ వర్కర్‌కు 15,600. ఒకే పథకంలోనే ఇలా ఉంటే, ఒక్కో సంస్థ తోచిన పేరు పెట్టుకునే స్వచ్ఛంద రంగంలో "కేర్‌గివర్", "అమ్మ", "అక్క", "వార్డెన్", "వలంటీర్" అన్న పేర్లను పట్టుకుని ఏం పోలుస్తాం? "భోజనం, వసతి ఉచితం" అన్న మాటను మరీ అనుమానించాలి. అక్కడే ఉండి అక్కడే పడుకునే హౌస్ మదర్‌కు డ్యూటీ దిగడమంటూ ఉండదు. 14,564ను నెలలోని 720 గంటలకు పంచితే గంటకు 20 రూపాయలు.

గౌరవ వేతనం అనే ముద్దుపేరు సంగతీ చెప్పాలి. జీతం అంటే పీఎఫ్, గ్రాట్యుటీ, కనీస వేతనం వెంటవస్తాయి. గౌరవ వేతనం అంటే దండం పెట్టి పంపేయొచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఈ ముసుగు కొంత తొలగించింది. పేరు ఏదైనా వాళ్లు అందుకునేది వేతనమే, గ్రాట్యుటీకి వాళ్లు అర్హులే అని చెప్పింది. ఏడాదిన్నర దాటాక ఆంధ్రప్రదేశ్‌లోనే అంగన్‌వాడీలు 40 రోజులకు పైగా సమ్మెలో కూర్చోవాల్సి వచ్చింది, వాళ్లపై అత్యవసర సేవల చట్టం ఎస్మా కూడా ప్రయోగించారు. వాళ్లకు సంఘం ఉంది, జెండా ఉంది, రోడ్డెక్కారు. ఊరవతల ఆశ్రమంలో ఒంటరిగా పనిచేసే ఆయా ఎక్కే రోడ్డేది? ఆమె చేయగలిగింది ఒక్కటే. చెప్పాపెట్టకుండా మానేయడం.

ఆమె మానేస్తే ఏమవుతుందో అమెరికాలోని మిల్వాకీ కౌంటీ కొంత చెబుతుంది. కన్నవారికి దూరమైన పిల్లల కేసుల్ని అక్కడ ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఆ సంస్థల్లో సిబ్బంది మానేయడంపై 2005లో ఒక సమీక్ష వచ్చింది. ఆ సమీక్ష చెప్పిన ప్రకారం మొదటినుంచీ ఒకే కేస్ వర్కర్ చూసిన పిల్లల్లో 74.5 శాతం మంది సొంతింటికో, దత్తత ఇంటికో, శాశ్వతమైన మరో చోటికో చేరారు. కేస్ వర్కర్ ఒక్కసారి మారి ఇద్దరైతే ఆ అంకె 17.5కు పడిపోయింది. ఎక్కువకాలం వ్యవస్థలో ఉండిపోయిన పిల్లలకు ఎక్కువమంది కేస్ వర్కర్లు తగలడం సహజం, కాబట్టి తేడా మొత్తాన్నీ మానేసిన వాళ్ల నెత్తిన రుద్దలేం. అయినా ఆ పతనం చూశాక నిద్రపట్టదు. మన గృహాల్లో ఈ లెక్క రాసే అలవాటైనా ఉందా?

2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కమిటీ ఇచ్చిన నివేదికలో దేశంలోని పిల్లల సంస్థలు తొమ్మిదిన్నర వేలని తేలింది. వాటిలో 91 శాతం స్వచ్ఛంద సంస్థల చేతుల్లోనివే. అంటే ఈ దేశంలో దిక్కులేని పిల్లలకు దిక్కెవరన్నది చాలావరకు దాతలు వేసే టిక్కు మీద ఆధారపడి ఉంది.

ఆ టిక్కును తప్పుదారి పట్టించే అపోహలు రెండున్నాయి. కంపెనీల చట్టంలోని సీఎస్‌ఆర్ నిబంధనలు పరిపాలనా ఖర్చుకు 5 శాతం పరిమితి పెట్టిన మాట నిజం. కానీ అది కంపెనీ తన ఆఫీసులో సీఎస్‌ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి పెట్టే ఖర్చు. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చును ఆ లెక్కలోంచి నిబంధనే తీసేసింది. దాన్ని చూపించి "మీ జీతాలు 5 శాతం దాటకూడదు" అని ఆశ్రమాన్ని అడగడం చట్టం తెలియకపోవడమే. రెండోది విదేశీ విరాళాల చట్టం. 2020 సవరణ పరిపాలనా ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించింది. సంక్షేమ సంస్థల్లో ఆశయం కోసం నేరుగా పనిచేసేవాళ్ల జీతాలు, ఉదాహరణకు ఆసుపత్రిలో డాక్టర్లవి, బడిలో టీచర్లవి, పరిపాలనా ఖర్చు కిందికి రావని నిబంధనల్లోనే ఉంది. అక్కడ ఆయా పేరు రాయలేదు కాబట్టి భయపడి ఆమె జీతమే కోసేవాళ్లున్నారు. అమెరికాలోని మన సంఘాల వాళ్లకు ఇంకో మాట. మీ దగ్గర దానధర్మాల సంస్థల తీరును దాతల ముందుంచే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్ వంటివే 2013లో బహిరంగ లేఖ రాసి, ఓవర్‌హెడ్ (పరిపాలనా ఖర్చుల) శాతం ఒక్కటే చూసి సంస్థను అంచనా వేయొద్దని దాతలను కోరాయి. ఆ లేఖ సముద్రం దాటి ఇంకా మన ఊళ్లకు చేరినట్టు లేదు.

జీతాలు ఎక్కువగా చూపించే సంస్థ మంచిదని కూడా నేననను. ట్రస్టు పెద్ద, ఆయన భార్య, బావమరిది నెలకు లక్షల చొప్పున తీసుకుని ఆయాకు ఆరువేలు విదిల్చినా మొత్తం 60 శాతమే అవుతుంది. అందుకే మొత్తం అంకె అబద్ధమాడుతుంది, పంపకం నిజం చెబుతుంది. క్రెడిబిలిటీ అలయెన్స్ అనే స్వచ్ఛంద సంస్థల వేదిక తన ప్రమాణాల్లో ఈ పంపకాన్నే బయటపెట్టమంది: అధిపతి జీతమెంత, అందరికన్నా తక్కువ తీసుకునే మనిషి జీతమెంత, ఏ జీతం శ్రేణిలో మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు. ఆ పట్టిక వార్షిక నివేదిక వెనక పేజీల్లో ఉంటుంది. కేకు కోస్తున్న దాత ఫొటోలు దాటుకుని అక్కడికి వెళ్లండి. పట్టికే లేకపోతే చెక్కు రాసే ముందు అడిగి తెప్పించుకోండి.

కాగితాలు చూసి ఊరుకోకండి కూడా. బిహార్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) బృందం 110 సంస్థల్ని పరిశీలించి 2018లో నివేదిక ఇచ్చేదాకా ముజఫర్‌పూర్ బాలికా గృహం సర్కారు గ్రాంటుతోనే నడిచింది. పిల్లలతో కూర్చుని మాట్లాడితే తప్ప లోపల బాలికలపై సాగుతున్న లైంగిక హింస బయటపడలేదు.

కాబట్టి ఈ మార్చిలో కమిటీ ముందుకొచ్చే కాగితంలో ఆఖరి గడి మార్చండి. జీతాల శాతం తీసేసి, రాత్రి పదకొండుకు ఎందరు పిల్లలకు ఎందరు పెద్దలు మెలకువగా ఉంటారో రాయించండి. గత రెండేళ్లలో ఎందరు ఆయాలు మానేశారో, ఇప్పుడున్నవాళ్లలో అందరికన్నా పాతామె ఎన్నాళ్ల నుంచి ఉందో, జీతం బ్యాంకులో ఏ తేదీన పడుతుందో అడగండి. గ్రాంటు ఆలస్యమైతే పిల్లల అన్నం ఆపలేరు, ముందు ఆగేది ఆ జీతమే. వలంటీర్లను మనుషుల లెక్కలో కలపనివ్వకండి, వాళ్లు వచ్చే గంటల్నే లెక్కగట్టండి. వీలైతే ఈసారి కొత్త గది కట్టిస్తామనడం మాని, రెండో ఆయా మూడేళ్ల జీతం మేమిస్తామని చెప్పండి. గోడ మీద చెక్కడానికి అందులో ఏమీ ఉండదు, అది నిజమే.

చూడటానికి వెళ్లినప్పుడు పిల్లల్ని వరసలో నిలబెట్టి పాట పాడిస్తే విని ఊరుకోండి. తర్వాత వంటింటివైపు వెళ్లి అక్కడున్నామెను పేరు పెట్టి పలకరించండి. ఎప్పుడొచ్చిందో, ఇంటికి వెళ్లి ఎన్నాళ్లైందో అడగండి. ఆమె జవాబు చెప్పే ముందు ఎవరి ముఖం వంక చూస్తుందో గమనించండి. పిల్లల విషయంలో ఏ చిన్న అనుమానమొచ్చినా గుమ్మం దాటగానే 1098కి ఫోను చేయండి.