పిట్టకి ఫోన్ కొట్టకండి బాబూ!

మొన్న డిసెంబరులో కెమెరా తగిలించుకుని వికారాబాద్ అనంతగిరి అడవికెళ్ళా, గ్రీనిష్ వార్బ్లర్ కోసం. సుమారు 8 గ్రాముల పిట్ట. హిమాలయాలు, సైబీరియా నుంచి చలికాలానికి మన చెట్లమీదకొస్తుంది. ఆకుల్లో కలిసిపోతుంది, క్షణం నిలవదు. గంటసేపు తీస్తే 40 ఫొటోలు, అన్నీ ఖాళీ కొమ్మలే :)

పక్కనున్నాయన ఫోన్లో దాని కూతే మళ్ళీ మళ్ళీ వినిపించాడు. పిట్ట రివ్వున ముందుకొచ్చి వాలింది. అబద్ధమెందుకు, నేనూ రెండు క్లిక్‌లు కొట్టేశా.

ఇంటికొచ్చి చదివాక సిగ్గేసింది. చలికాలంలోనూ ఇది తనవంటూ కొన్ని చెట్లు పట్టుకుని కాపలా కాస్తుందట. కూత వినబడితే ఎవడో కబ్జాకొచ్చాడనుకుని, పురుగుల వేట మానేసి పోట్లాటకొస్తుంది. మన భాషలో డినయల్ ఆఫ్ సర్వీస్ ఎటాక్! అంతదూరం ఎగిరొచ్చిన ప్రాణితో ఒక్క ఫొటో కోసం ఈ పని అవసరమా? నా వరకూ తప్పే. ఆ రెండూ డిలీట్ చేశా.

కొమ్మల ఫొటోలు కావాలంటే అడగండి, 40 ఉన్నాయి.