వేడికి తనంతట తానే మూసుకునే కవాటం

మే నెలలో నూజివీడు మామిడి తోటల్లో ఎండ 45 డిగ్రీలకు చేరినా ఏ లోహపు వస్తువూ కరగదు. తగరం కరగాలంటే 232 డిగ్రీలు, సీసానికి 327 డిగ్రీలు కావాలి. కాని ఈ రెండింటికి బిస్మత్, కాడ్మియం కలిపి చేసే ‘వుడ్ లోహం’ 70 డిగ్రీలకే కరుగుతుంది. మరిగే నీళ్ళు చాలు! ఈ గుణం ఇళ్ళను కాపాడగలదు.

కృష్ణా, గోదావరి జిల్లాల్లో నేడు ఎన్నో ఇళ్ళకు గొట్టాల ద్వారా వంటగ్యాసు వస్తోంది. పొయ్యి దగ్గర దాని పీడనం వాతావరణ పీడనం కన్నా రెండు శాతమే ఎక్కువ. అయితే సిలిండరులోని గ్యాసులా అది అయిపోదు. ఇల్లు అంటుకుని రబ్బరు గొట్టం కాలిపోతే, మంటకు గ్యాసు అందుతూనే ఉంటుంది. ఆ పొగలోకి వెళ్ళి దాన్ని కట్టేసేదెవరు?

ఈ పని కవాటమే చేస్తుంది. అందులో ఒక స్ప్రింగును సులభంగా కరిగే మిశ్రమలోహం పట్టి ఉంచుతుంది. వేడి 100 డిగ్రీల ప్రాంతానికి చేరగానే లోహం కరిగి, స్ప్రింగు విడివడి, బిరడాను నెట్టి దారి మూసేస్తుంది. విద్యుత్తు అక్కరలేదు. మన ఎండలకు పొరపాటున మూసుకోదు. జర్మనీలో ఇళ్ళలోని గ్యాసు పరికరాలకు ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి. అది 650 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు నిలవాలి.

ఇది లీకును పసిగట్టదు, నిజమే. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పెద్ద పైపులైను నుంచి ముందు గ్యాసు లీకైంది, తరువాత అంటుకుంది. అలాంటి చోట తనిఖీలే రక్ష. కాని వంటింట్లో మంట లేచాక పనిచేసే కాపలాదారు కూడా కావాలి. గ్యాసు కనెక్షనుతో పాటే ఈ కవాటాన్నీ బిగించాలని అడగడం న్యాయమే. మీరేమంటారు?